గోడ అవతల రాయవేలూరు

మొన్న ఆఫీస్ బ్రేక్‌రూమ్‌లో కాఫీ పోసుకుంటుంటే టీవీలో ఒక మేక కనబడింది. మామూలు మేక కాదు. నుదుటి మీద వెండి బిళ్ళ, వీపు మీద అంచున్న పచ్చ శాలువా, వెనకాల ఎర్రకోట్లు వేసుకున్న మిలిటరీ బ్యాండు. వేల్స్‌లో ఏదో రగ్బీ మ్యాచ్‌కి ముందు దాన్ని గ్రౌండ్ చుట్టూ నడిపిస్తున్నారు. మా టీమ్ అంతా పగలబడి నవ్వుతోంది. నేను మాత్రం కప్పు పట్టుకుని, "అయ్యో, ఇది మా ఆంటీ మేక!" అని తెలుగులో అరిచేశాను. ఎవరికీ అర్థం కాలేదు, నయమే. మేక కనబడిందని ఫోన్ చేసి చెప్పాల్సిన మనిషి పోయి ఇంకా ఏడాది కాలేదు. ఫోన్ తీసి ఆవిడ నంబర్ దాకా వెళ్ళి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

డెట్రాయిట్ పక్కన ఈ నోవైలో మా తెలుగువాళ్ళందరికీ ఆవిడ బ్యారక్స్ ఆంటీ. అసలు పేరు లేకేం, ఉంది. ఎవరు వాడారు గనక! డెబ్బైలలో, పెళ్ళయిన కొత్తలో, అంకుల్ వేల్స్‌లోని కార్డిఫ్‌లో జూనియర్ డాక్టర్‌గా పనిచేసేవారు. వాళ్ళు అద్దెకున్న ఫ్లాట్‌కి ఎదురుగా ఒక మిలిటరీ బ్యారక్స్ ఉండేదట. అక్కడున్నది మూడేళ్ళు కూడా కాదు. తర్వాత డెట్రాయిట్ వచ్చేసి, ఇక్కడే జీవితమంతా గడిపేశారు. కానీ ఈ మిషిగన్ గురించి ఆవిడ ఒక ముక్క చెప్పగా నేను వినలేదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి రానీ, వ్రతానికి రానీ, మాట ఎక్కడ మొదలైనా కార్డిఫ్ బ్యారక్స్ గేటు దగ్గరికి చేరాల్సిందే. అంకుల్ ఉన్నన్నాళ్ళూ, "మొదలెట్టావా నీ పటాలం!" అని పెరుగన్నం ప్లేటు పట్టుకుని అవతలి గదిలోకి తప్పుకునేవారు.

చెప్పడం కూడా ఉత్త మాటలతో కాదు. బఫే టేబుల్ మీద ట్రేలన్నీ జరిపేసేది.

"ఇదో, ఈ పులిహోర ట్రే గేటు అనుకోండి. ఈ సాంబారు గిన్నె తుపాకులు దాచే బురుజు. ఈ గరిటె పెట్టినానే, ఇది రోడ్డు. రోడ్డుకి ఇవతల మా ఫ్లాటు."

"ఆంటీ, నాట్ అగైన్! ఆకలేస్తోంది," అని పిల్లలు గోల పెట్టేవాళ్ళు.

"ఉండండ్రా, యుద్ధాలు అయిపోయినంక తిందురు. ముందు రోజుల్లో సైన్యమంటే ఒక ఊరూ ఇల్లూ లేకుండా తిరుగుతా ఉండేది. అప్పుడు లండన్లో ఒక మంత్రికి బుద్ధి పుట్టింది. ఒక్కో జిల్లాకి ఒక్కో పటాలం ఉండాల, ఆ పటాలానికి సొంతూళ్ళో ఒక ఇల్లుండాల అన్నాడు. అట్లా కట్టిందే మా బ్యారక్స్."

ఆ 'మా' అనే అక్షరాన్ని ఎంత వత్తి పలికేదో! కోటలాగా కట్టారట, రాతి గోడలు, పైన రంపపు పళ్ళలాంటి వరస. చుట్టుపక్కల బొగ్గుగనుల ఊళ్ళ నుంచి పిల్లకాయలు వచ్చి ఆ గేటులోనే మొదటిసారి బూట్లు తొడుక్కునేవాళ్ళట. ఆఫ్రికాకి పోయినవాళ్ళు, మొదటి ప్రపంచయుద్ధానికి పోయినవాళ్ళు అందరూ ఆ గేటులోంచే రైలుస్టేషన్‌కి నడిచారట. పటాలం మేకకి రేషనూ ర్యాంకూ ఉంటాయట, దాన్ని మేక అంటే సిపాయిలకి కోపమట. చెప్పేటప్పుడు ఆవిడ మేక నడక నడిచి చూపించేది. పట్టుచీర మీద స్వెట్టరు, కాళ్ళకి స్నో బూట్లు, తల ఎత్తి ఠీవిగా నాలుగడుగులు. సాంబారు చల్లారిపోయేది గానీ, ఆ నడక కోసం పిల్లలు కూడా ఆగేవాళ్ళు.

ఇంకో అలవాటుండేది. ఏ గేటు దగ్గర మనిషి కనబడ్డా పలకరించకుండా కదలదు. హోల్‌సేల్ స్టోర్‌లో ద్వారం దగ్గర కార్డులు చూసే పెద్దాయనకి సెల్యూట్ కొట్టేది. ఆయన కూడా నవ్వుతూ తిరిగి కొట్టేవాడు. ఆయన మోకాలి నొప్పి, మనవరాలి చదువు అన్నీ ఆవిడకి తెలుసు. వెనక కార్ట్‌ల లైన్ పెరిగిపోతుంటే నాకు చెమటలు పట్టేవి.

"ఆంటీ, జనం చూస్తున్నారు, పదండి."

"చూడనీ అమ్మీ. గేటు కాడ మనిషి మంచోడైతే ఆ ఊరు మంచిదే. నాకు తెలుసు."

అది ఎలా తెలిసిందంటే వడియాల వల్ల.

కార్డిఫ్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి ఎండ తగలదు. చిత్తూరు నుంచి నేరుగా వెళ్ళిన పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఎండ లేని ఊళ్ళో ఏం చేస్తుంది? ఏడాదంతా వాన. ఒక వేసవిలో ఉన్నట్టుండి నాలుగు రోజులు ఫెళ్ళున కాసిందట. అక్కడ పాయసానికి వాడే సగ్గుబియ్యం ప్రతి షాపులోనూ దొరుకుతుంది. ఇంకేం, ఆంటీ సగ్గుబియ్యం ఉడకబెట్టి, పచ్చిమిరపకాయ నూరి కలిపి, వడియాలు పెట్టడానికి చోటు వెతికింది. ఎదురుగా రోడ్డు అవతల నడుమెత్తు రాతి గోడ, పైన వెడల్పుగా చదునుగా, నిండా ఎండ. చక్కగా అంకుల్ పంచె ఒకటి తడిపి దాని మీద పరిచి, వరసలు వరసలుగా వడియాలు పెట్టేసింది. అది మిలిటరీ వాళ్ళ గోడ అని, దాని మీద ఏమీ పెట్టకూడదని ఆవిడకి తట్టనే లేదు. చిత్తూరులో ఎవరి గోడ మీద ఎవరు ఎండబెట్టుకోరు?

"ఇంట్లోకి వచ్చి చెయ్యి కడుక్కుంటా కిటికీలోంచి చూస్తే, నా వడియాల చుట్టూ ముగ్గురు సిపాయిలు! తుపాకులు పట్టుకోనుండారు. ఆ తెల్ల చుక్కలు ఏందో, ఎవరు ఎవరికి పెట్టిన గుర్తులో అని వాళ్ళ భయం, ఊళ్ళల్లో బాంబులు పెడతా ఉండిన రోజులు గదా. నా ప్రాణం పోయింది."

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తిందట. అప్పటికి లోపల్నుంచి సార్జెంటు వచ్చాడు. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, పొట్టి, తెల్ల మీసం. ఏమిటిది మేడమ్ అన్నాడు. ఈవిడకి వచ్చిన ఇంగ్లీషంతా ఆ నిమిషంలో ఎగిరిపోయింది. "ఫుడ్. సన్. ప్లీజ్," అంది, రెండు చేతులూ జోడించి. సార్జెంటు ఒక వడియాన్ని వేలితో తాకి చూశాడు. ఎండని చూశాడు. ఈవిడ కాళ్ళని చూశాడు. సిపాయిల వైపు తిరిగి గట్టిగా ఏదో ఆర్డర్ వేశాడు. అంతే, ఇద్దరు వెళ్ళిపోయారు. మూడో వాణ్ణి మాత్రం సాయంత్రం దాకా గోడ పక్కనే నిలబెట్టాడు, సముద్రపు కాకులు వచ్చి వడియాలు ఎత్తుకుపోకుండా!

"రాణీగారి సైన్యం నా వడియాలకి కాపలా కాసింది. మీ ఇండ్లల్లో ఎవరి వడియాలకన్నా జరిగిందా ఆ మర్యాద?"

మర్నాడు వేయించిన వడియాలు పళ్ళెంలో పట్టుకెళ్ళింది. అప్పట్నుంచి స్నేహం. ఆయన గోడకి లోపల, ఈవిడ బయట పేవ్‌మెంట్ మీద. బ్యారక్స్ చరిత్రంతా ఆయన చెప్పిందే. ఈవిడకి ఇంగ్లీషు వచ్చింది కూడా ఆ గోడ దగ్గరే. అందుకే ఆవిడ ఇంగ్లీషులో చిత్తూరు యాసా, వేల్స్ యాసా కలిసి ఒక వింత రాగం పలికేది. అమెరికన్ యాస మాత్రం దరిదాపులకి రాలేదు.

ఇంతవరకూ అందరికీ చెప్పే కథ. దీని తర్వాతిది నాకు అంకుల్ పోయాక చెప్పింది, వాళ్ళ వంటింట్లో, మెంతికూర వలుస్తూ.

చిత్తూరులో చెల్లెలి పెళ్ళి. టికెట్‌కి డబ్బుల్లేవు, అంకుల్‌కి సెలవు లేదు. పెళ్ళి రోజు ఇంట్లో ఉండలేక గోడ దగ్గరికి వచ్చి నిలబడిందట. నిలబడితే ఏడుపు ఆగలేదు. సార్జెంటు కంగారుపడి, నీ ఊరెక్కడ అని అడిగాడు. చిత్తూరు అంటే ఆయనకేం తెలుస్తుంది? మద్రాస్ అంది, తలూపాడు. రాయవేలూరు పక్కన అంది. ఆ మాటకి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"వెల్లూర్? కోట ఉన్న వెల్లూర్?"

ఆ బ్యారక్స్‌ని ఇల్లు చేసుకున్న పటాలాల్లో ఒకటి పూర్వం రాయవేలూరు కోటలో ఉండేదట. అక్కడ తిరుగుబాటు జరిగి, తెల్లవారకముందే చాలామంది తెల్ల సిపాయిలు నిద్రలోనే పోయారట. ఆ సంగతి ఆ బ్యారక్స్‌లో అందరికీ తెలుసట. ఈవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ కథలో సగమే నీకు తెలుసు," అంది ఆయనతో. వాళ్ళ హిస్టరీ అయ్యవారు చెప్పిన మిగతా సగం తను చెప్పింది. మన సిపాయిల్ని తలపాగా మార్చమన్నారు, నుదుటి బొట్టు చెరపమన్నారు, గడ్డం గీసుకోమన్నారు, అందుకు తిరగబడ్డారు. ఆ పొద్దే ఆర్కాటు నుంచి తెల్లవాళ్ళ గుర్రపుదళం వచ్చింది, దొరికిన మనవాళ్ళని గోడకి వరసగా నిలబెట్టి కాల్చేశారు.

"ఆయప్ప టోపీ తీసేసి గోడ మీద పెట్టినాడమ్మీ. ఇద్దరిండ్లల్లోనూ చావే గదా."

అప్పుడు చెప్పాడట సార్జెంటు. లోపల, ఆఫీసర్లు భోంచేసే మెస్ గదిలో, గోడకి తగిలించిన పెద్ద బొమ్మ ఒకటి ఉంది. రాయవేలూరు కోట. చుట్టూ అగడ్త, నీళ్ళు, లోపల గుడి గోపురం, వెనక కొండలు, అన్నీ అచ్చం ఉన్నట్టే వేశారు. నువ్వు ఏడవకు, మీ ఊరు ఇక్కడే ఉంది, ఈ గోడ అవతల.

"ఆ అగడ్త గట్టున కూర్చుని నేను పులిహోర తిన్నానమ్మీ! మా అవ్వకి కండ్ల ఆపరేషన్ చేయించేదానికి పోయినప్పుడు. ఆ గట్టు నా ఎదురుగ్గా గోడ అవతల ఉందంటే నాకెట్లా ఉంటుంది? చూపించు అన్నా. ఆడోళ్ళని, బయటోళ్ళని రానియ్యరు, ఆర్డర్ లేదన్నాడు. ఎండాకాలంలో ఒక రోజు ఊరందరికీ గేట్లు తీస్తారు, ఆ పొద్దు నేనే దగ్గరుండి చూపిస్తా అన్నాడు."

ఆ రోజు రాకముందే అంకుల్‌కి డెట్రాయిట్‌లో ఉద్యోగం వచ్చింది. మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు.

చిత్తూరు తర్వాత చాలాసార్లు వెళ్ళింది. రాయవేలూరు కోట కూడా మళ్ళీ చూసింది. అయినా తీరలేదట. "ఆ కోట చూస్తే కోట లాగుంది అంతే. నాకు కావాల్సింది ఆ బొమ్మ," అనేది. నేను మొదట్లో నవ్వాను. తర్వాత నవ్వలేదు. గోడ దగ్గర ఏడుస్తున్న ఆనాటి పంతొమ్మిదేళ్ళ పిల్లకి ఇంకా ఆ గేటు తెరవాలి, అదీ ఆవిడ కోరిక. జీవితమంతా అంత సంసారం చేసి, ఇద్దరు పిల్లల్ని డాక్టర్లని చేసి, ఆవిడ కావాలని అడిగిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

"నాతో రా అమ్మీ కార్డిఫ్‌కి. నాకు ఎయిర్‌పోర్టుల్లో బెదురు," అంది. సరే అన్నాను. డెట్రాయిట్ నుంచి లండన్ ఫ్లైట్లు చూశాను, హోటల్ కూడా బుక్ చేయబోయాను. ఇంతలో కార్డియాలజిస్ట్ అడ్డం పడ్డాడు. ఆ గుండెతో ఫ్లైట్ ఎక్కడానికి వీల్లేదన్నాడు. కాలిఫోర్నియాలో కూతురు, "అమ్మా, యూట్యూబ్‌లో చూస్కో," అంది. ఆంటీ ఆ అమ్మాయితో వారం మాట్లాడలేదు.

ఆవిడ మొహం చూడలేక నేనే తెలివి ఉపయోగించాను. ఆ పటాలం పాత సామాను దాచిన చిన్న మ్యూజియంకి ఒక శనివారం పొద్దున్నే ఆంటీ వంటింట్లోంచి ఫోన్ చేశాను. బొమ్మ ఎక్కడుందో కనుక్కుంటే ఫొటో తీసి పంపమని అడగొచ్చు కదా! ఫోన్ ఎత్తినాయన వాలంటీర్, పాత సిపాయి. పైగా ఆ మెస్‌లోనే ఏళ్ళ తరబడి వడ్డించినవాడట. మా అదృష్టం అనుకుని స్పీకర్‌లో పెట్టాను. ఆంటీ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది, ఆయనకేమన్నా కనబడుతుందా!

"వెల్లూర్ బొమ్మా? లేదే మేడమ్," అన్నాడాయన.

"మెస్సులో. పెద్దది. కోట, నీళ్ళు," అంది ఆంటీ.

"ఆ గోడల్ని నేను దుమ్ము దులిపినవాణ్ణి మేడమ్. రాణీగారి బొమ్మ ఉండేది. కర్నల్స్ బొమ్మలు ఉండేవి. ఒక మేక బొమ్మ కూడా ఉండేది. ఇండియా బొమ్మ ఎప్పుడూ లేదు."

"నువ్వు రాకముందు ఉండిందేమో. తీసేసినారేమో."

"నాకంటే ముందు మా నాన్న అక్కడే పనిచేశాడు మేడమ్. లేదు. మీకు ఎవరు చెప్పారు?"

ఆంటీ కొంగు సర్దుకుంది. "ఒక ఫ్రెండ్," అంది చివరికి. థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేసింది.

నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆవిడ లేచి టీ పెట్టింది. రెండు కప్పుల్లోనూ చక్కెర వేయడం మర్చిపోయింది. "ఇన్నేండ్లు నమ్మినానే," అంది. నేను ఆ చేదు టీ తాగేశాను.

తర్వాత రెండు మూడు పాట్‌లక్‌లు బ్యారక్స్ లేకుండానే జరిగాయి. ఆంటీ వచ్చేది, పప్పు వడ్డించుకునేది, మూలన కూర్చునేది. ట్రేలు ఎక్కడ పెట్టినవి అక్కడే. పిల్లలు, "ఆంటీకి బాలేదా?" అని అడిగారు. సాంబారు వేడివేడిగా తిన్నాం గానీ, ఎవరికీ రుచించలేదు.

ఆ ఫిబ్రవరిలో ఒకరింట్లో సీమంతం. బయట మోకాళ్ళ దాకా స్నో. ఇంటినిండా గాజుల చప్పుడు, నవ్వులు. కోట్లన్నీ కుప్పపోసిన గదిలోకి నా ఫోన్ కోసం వెళ్ళాను. అక్కడ ఒక అమ్మాయి ఆ కోట్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. డిసెంబర్‌లో పెళ్ళి చేసుకుని వచ్చిన పిల్ల. మొగుడు కార్ల కంపెనీలో ఇంజనీర్, తనకింకా వర్క్ పర్మిట్ లేదు. చేతిలో ఫోన్, దాన్లో అక్కడెక్కడో వాళ్ళ నాన్న పుట్టినరోజు, వీడియో ఆగిపోయి ఉంది. పిల్ల మొహమంతా కన్నీళ్ళు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఎప్పుడు వచ్చిందో ఆంటీ నన్ను పక్కకి జరిపి లోపలికి వెళ్ళింది. మోకాళ్ళు పట్టుకుని, అమ్మా అయ్యా అంటూ ఆ పిల్ల పక్కనే నేల మీద కూలబడింది.

"ఏ ఊరు పాపా మీది?"

"గుత్తి ఆంటీ. అనంతపురం పక్క. మీకు తెలీదులెండి."

"గుత్తా!" ఆంటీ గొంతు ఇల్లంతా వినబడింది. "గుత్తి నాకు తెలీకపోవడమేంది! మా కార్డిఫ్ బ్యారక్స్ మెస్సులో ఇంత పెద్ద బొమ్మ ఉండాది గదా, గుత్తి కోటది!"

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "నిజంగానా? మా గుత్తినా?"

"మీ గుత్తే. కొండ మీద కోట, ఎక్కేకొద్దీ గోడలు, గోడల వెనక గోడలు. కింద ఊరు. సాయంత్రం ఎండ పడి రాళ్ళన్నీ ఎర్రగా ఉండాయి."

"అవునాంటీ, సాయంత్రం అట్లానే ఉంటాది! మా మిద్దె మీద నుంచి కనబడతాది!"

"నా కండ్లతో చూసినా. బ్రిటిష్ సైన్యం రోజూ మీ గుత్తి ముందు కూర్చోనే అన్నం తినేది. నువ్వేమో ఇక్కడ కోట్లలో కూర్చోని ఏడుస్తా ఉండావు. లే. గాజులు ఏపిచ్చుకుందువు గానీ."

ఆ పిల్ల నవ్వింది. ఆంటీని లేవదీయడానికి మేమిద్దరం రెండు రెక్కలూ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం ట్రేలన్నీ మళ్ళీ జరిగాయి. పులిహోర గేటయింది, మేక నడిచింది, గుత్తి పిల్ల ముందు వరసలో నిలబడి నోరు తెరుచుకుని వింది.

కార్‌లో దింపడానికి తీసుకెళ్తూ, ఆపుకోలేక అడిగాను. "ఏంటి ఆంటీ అంత అబద్ధం?"

వైపర్లు ఆడుతున్నాయి. ఆవిడ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆ పొద్దు ఆయప్ప నాకు చెప్పినప్పుడు ఎట్లా ఉండిందో నాకు తెలుసు గదమ్మీ. పెండ్లి పొద్దు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నేను. ఆ మాట విని ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నా." అద్దం మీది ఆవిరి తుడుస్తూ, "ఎంత మంచోడో చూడు. లేని బొమ్మలో గుడి గోపురం కూడా పెట్టినాడు," అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆవిడ ఏడవడం చూసింది ఆ ఒక్కసారే.

ఇంకెప్పుడూ కార్డిఫ్ వెళ్దామని అనలేదు. ఆ తర్వాతి చలికాలం దాటకుండానే వెళ్ళిపోయింది, నిద్రలో.

గుత్తి పిల్లకి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. స్నోలో నాకంటే బాగా డ్రైవ్ చేస్తుంది. మేకని చూసిన రోజు సాయంత్రం తనే ఫోన్ చేసింది. నేను ఇంకా కార్ పార్క్ చేస్తున్నాను.

"అక్కా, సమ్మర్‌లో లండన్ పోతున్నాం. నేను కార్డిఫ్‌కి ట్రెయిన్ కూడా బుక్ చేసినా. ఆంటీ చెప్పిన బొమ్మ చూసి, మా నాన్నకి ఫొటో పంపాల. లోపలికి పోవాలంటే ఎవర్ని అడగాల?"

ఇంజన్ ఆపేశాను. నిజం చెప్పేద్దామా అనుకున్నాను. పిల్ల అవతల ఎదురుచూస్తోంది. ఆంటీ లేదు, నేనే ఉన్నాను.

"వెళ్ళు," అన్నాను. "గేటు దగ్గర ఎవరుంటే వాళ్ళని బాగా పలకరించు. లోపలికి మాత్రం రానివ్వరు, మిలిటరీ వాళ్ళది కదా."

"అయ్యో. మరి బొమ్మ?"

"బొమ్మ లోపలే ఉంది."